ఏడు చుట్లు తిరిగిన ఇల్లు

ఎల్లారెడ్డి,
10 మార్చి 2025.

కామారెడ్డిలో ఉండే ఎజాజ్ అన్నగారికి, ఎల్లారెడ్డి నుంచి భూపాల్ వందనాలు చేసి రాసేది.

మీరు నన్నెరుగరు. పగలు బోరు మోటర్లకు వైండింగ్ చేస్త, ఆదివారం ప్రార్థనల బైబిలు వాక్యం చెప్త. పాస్టర్ను కాను. బడి గడప తొక్కినోణ్ని కూడా కాను. ముప్పై ఏండ్లు దాటినంక వాక్యం సొంతంగ చదవాలన్న పట్టుదలతో అక్షరాలు దిద్దిన. అందుకే నా రాత కాలిపోయిన మోటరు తీగ లెక్క చిక్కులు పడుతది, ఓపిక పట్టండి.

ఊరి చివర కొత్త ప్లాట్ల కాడ మీ ఇంటి గోడ మీద "ఇల్లు అమ్మబడును" అని, కింద మీ నంబరు చూసిన. ఫోన్ చేద్దునే గాని ఇవి ఈస్టరుకు ముందటి శ్రమకాలపు నలభై దినాలు. కొందరు మాంసం మానుతరు, నేను సెల్లు మానిన. అరచేతిల పట్టే బబులోను, పాపపు పట్నం అది! మీరు రిటైరైన కండక్టరని, కామారెడ్డి బస్సుల ఎవరి చేతికిచ్చినా చీటీ మీకు ముడుతదని బస్టాండుల చెప్పిండ్రు.

సంగతి ఇది. మా కిరాయి ఇంటాయన ఇల్లు అమ్ముకుంటున్నడు. ఈస్టరు లోపల, అంటే ఏప్రిల్ ఇరవై లోపల ఖాళీ చేయాలె. ఇది మాకు తొమ్మిదో కిరాయి ఇల్లు. నా భార్య రాజశ్రీ బీడీలు చేస్తది, మాట తక్కువ. ఆమె చేతుల తునికాకు కిందపెట్టి అన్నది: "ఇగ సామాను కట్ట. ఈపారి కడితే సొంతింటికే కడత. లేకుంటే నువ్వొక్కనివే పో." పది మాటలు. మా పెండ్లయినంక ఒక్కపారి అన్ని మాటలు మాట్లాడుడు ఇదే మొదలు.

మీ ఇల్లు చూసిన. పడమటి గోడకు చెమ్మ. స్లాబుకు నెర్రె. మూడు దిక్కుల ఖాళీ ప్లాట్లు, పాములకు రాచబాట. ఎల్లారెడ్డిల ఎటు చూసినా అమ్మకం బోర్డులే గాని కొనేటోడు లేడు. ఇది కొనేటోళ్ల కాలం అన్నా. ఇరవై రెండు లక్షలు ఇస్త. అంతకు మించి నా దగ్గర లేదు.

ఇట్లు, ప్రభువునందు మీ తమ్ముడు,
భూపాల్.

తా.క.: కొనేటోడు "బాగలేదు, బాగలేదు" అంటడు, అవుతలికి పోయినంక మురుస్తడు అని వాక్యమే చెప్పింది. కాబట్టి ఒప్పుకుంటున్న. ఇల్లు బాగున్నది. రాజశ్రీ కిటికీల నుంచి లోపలికి చూసుకుంట అరగంట కదలలే. ఈ మాట మీకు రాయొద్దన్నది.


కామారెడ్డి,
12 మార్చి.

భూపాల్ గారికి ఎజాజ్ సలాం.

మీ చీటీ నాలుగున్నరకు అందింది. మీరు సెల్లు ఉపవాసం, నేను రోజా. పొద్దటి సంది గుక్కెడు నీళ్లు తాగని మనిషికి "ఇరవై రెండు లక్షలు" అని రాసుడు న్యాయమేనా?

ముప్పై రెండేండ్లు బస్సుల టికెట్లు కొట్టిన. ఏ సీటుకు ఎంత గిరాకో నాకు ఎరుక. కామారెడ్డి జిల్లా అయినంక ఈడ గజం రేటు చెప్తే విన్నోని నోరు తెరిచిందే తెరిచినట్టుంటది. ఆ వేడి మెల్లగ ఎల్లారెడ్డి దాకా పాకింది. నా ఇంటికి చాలామంది పార్టీలు తిరుగుతున్నరు. ఇది అమ్మేటోళ్ల కాలం. ఇరవై ఎనిమిది. ఆఖరి మాట.

"ఇంత మంచి ఇల్లైతే ఎందుకు అమ్ముతున్నవు" అంటరేమో. రిటైరైనప్పుడు వచ్చిన పైసలతోని కట్టిన. సిమెంటు తడుపుడు కాడి నుంచి అన్నీ నేనే చూసుకున్న. తీరా మా గుల్నాజ్, "నా మోకాళ్ల డాక్టరు ఈడ, నా బిడ్డ ఈడ, నా మార్కెట్ ఈడ. గా ప్లాట్లల్ల నేను ఎవరితోని మాట్లాడాలె, తొండలతోనా?" అన్నది. అయిపాయె. ఆ ఇంట్ల ఒక్క దినం కూడా నడుం వాల్చలే.

ఇట్లు,
ఎజాజ్, మాజీ కండక్టర్.

తా.క.: రోజా మీద ఉన్నప్పుడు అబద్ధమాడొద్దు. చాలామంది అంటే ముగ్గురు. అందుల ఒకడు అడ్రసు తప్పి వచ్చిండు. అయినా ఇల్లు నచ్చిందన్నడు.


ఎల్లారెడ్డి,
13 మార్చి.

ఎజాజ్ అన్నగారికి భూపాల్ వందనాలు.

మీ ఇరవై ఎనిమిది చదివి రెండు గంటలు మోకాళ్ల మీద ఉన్న. మన పితరుడు అబ్రాహాము భార్య పోయినప్పుడు సమాధికి గుహ కొనబోయిండు. అమ్మేటాయన నలుగురి ముందట "అయ్యా, ఊరికే తీసుకో" అన్నడు. అని, ఆ నోటితోనే "నాలుగు వందల తులాల వెండి మన ఇద్దరి మధ్య ఎంత?" అన్నడు! అమ్మేటోళ్ల నోరు నాలుగు వేల ఏండ్ల సంది మారలే. ఆయన భార్యను పెట్టుకునేందుకు కొన్నడు. నేను భార్యతోని ఉండేందుకు కొంటున్న. తేడా గ్రహించండి.

నేను బేరమాడ. పైసా పెంచ. రేపటి సంది ఏడు దినాలు. ఎనిమిదో దినం మీ రేటు దానంతట అదే కిందికి దిగుతది. ఏం చేస్తనో చెప్ప. అయినంక మీకే తెలుస్తది.

ఇట్లు,
భూపాల్.

తా.క.: ఇది బెదిరింపు కాదు. రాజశ్రీ చదివి బెదిరింపు లెక్కనే ఉన్నదన్నది. అందుకని కాదని రాస్తున్న.


కామారెడ్డి,
24 మార్చి.

తమ్మీ భూపాల్‌కు ఎజాజ్ దువా.

రమజాన్ నెల. మనసు మెత్తబడ్డది. అందుకని, కేవలం అందుకనే, రేటు ఇరవై ఐదుకు తగ్గించిన. వేరే కారణమేం లేదు. కాలం ఇప్పటికీ అమ్మేటోళ్లదే.

జల్ది జవాబు రాయి.

ఇట్లు,
ఎజాజ్.

తా.క.: అయ్యో, రోజా. దాచలేను. ఎల్లారెడ్డిల ఆ ఇంటికి ఎదురుంగ గంగమణి అని ఉంటది, బీడీలు చేస్తది, ఒంటరి మనిషి, మంచిది. ఆమె ఫోన్ చేసింది. మిట్టమధ్యాహ్నం పన్నెండు కొట్టంగనే, కాకి కూడా ఎగరని వేళ, తెల్లంగి వేసుకున్న మనిషొకడు నా కాంపౌండ్ గోడ చుట్టూ తిరుగుతున్నడట. తల వంచుకొని, పెదవులు కదుపుకుంట. అడుగుల చప్పుడు లేదట. గల్లీ కుక్క మొరగదట. ఉన్న తావున నిలబడి, వాడు ఎటు పోతే అటు తల తిప్పుతదట. పది దినాల సంది రోజూ ఇదే. నా ముగ్గురు పార్టీలల్ల ఇద్దరు ఈ ముచ్చట ఇని ఫోన్ ఎత్తుత లేరు. మూడో ఆయన చూసేందుకు పోయి హెల్మెట్ మరిచి వచ్చిండు.

నువ్వు "ఏడు దినాలు" అని రాసిన చీటీ మళ్ల తీసి చదివిన. గుల్నాజ్ చేతబడి అంటున్నది. నేను కాదన్న. కాదు గద?

కాకుంటే ఇంకో మాట. నువ్వు దయ్యాలను వెళ్లగొడతవని బస్సోళ్లు చెప్పిండ్రు. ఏమనుకోకు, ఒక్కపారి పోయి చూడు.


ఎల్లారెడ్డి,
25 మార్చి.

ఎజాజ్ అన్నగారికి.

చేతబడా! అన్నా, ఈ మాట వేరే నోట వచ్చుంటే ఆ నోటి కోసం నలభై దినాలు ఉపవాసముందును. మంత్రగాళ్ల గురించి వాక్యం ఏమన్నదో రాసేందుకు ఈ కాగితం సాలది.

నేను ఆ ఏడు దినాలు మీ ఇంటి కాడికి పోయిన మాట నిజమే. సరిగ్గ పన్నెండు గంటలకే పోయిన. ఏం చేసిన అన్నది నాకూ దేవునికీ మధ్య. ఆ వేళ గోడ చుట్టూ పురుగు లేదు, పిట్ట లేదు. ఒక్క దయ్యం కూడా నా కంట పడలే! దీనికి నేనే సాక్షి. కాబట్టి మీ గంగమణి చూసింది నేను రాని వేళ వస్తున్నది.

తప్పు మీది కూడా ఉన్నది. ఇల్లు కట్టి, ఊడ్చి, తాళం వేసి పెట్టిండ్రు. ఇడిచిపోయిన అపవిత్రాత్మ తిరిగివచ్చి, ఇల్లు ఖాళీగ, శుభ్రంగ ఉన్నదని చూసి, తనకంటే చెడ్డయి ఏడింటిని తోడు తెచ్చుకుంటదని రాసున్నది. ఖాళీ ఇల్లంటే దయ్యాలకు టూ-లెట్ బోర్డు.

భయపడకండి. గురువారం పన్నెండింటికి గంగమణి అరుగు మీద కూసుంట. వాడెవడో, ఏ పాతాళపు వాడో, పేరు చెప్పిందాక ఇడువ!

ఇట్లు, యుద్ధానికి సిద్ధపడి,
భూపాల్.

తా.క.: రేటు మూడు దిగినందుకు స్తోత్రం. ఇంకో మూడు దిగాలె.


కామారెడ్డి,
28 మార్చి.

తమ్మీ,

ఏమైంది? నిన్న గంగమణి ఫోన్ చేసింది. "పాస్టర్ వచ్చిండు, కూసున్నడు, చూసిండు, మొఖం సున్నమైంది, నీళ్లు కూడా తాగకుంట పోయిండు" అన్నది. ఏం చూసిండమ్మా అంటే, "ఆయన్నే అడుగుండ్రి సాబ్, నేను చెప్తే బాగుండదు" అన్నది. నాలుగు మాటల కాడ నలభై మాట్లాడే మనిషి!

తెల్లారకముందు సహరీ తిండికి లేచి కూడా ముద్ద దిగలే. ఇరవై రెండు. నువ్వు అన్నంత. తీసుకో. కాలం ఎవరిదైతే నాకేంది. ముందు ఏం చూసినవో రాయి.

ఇట్లు,
ఎజాజ్.

తా.క.: గంగమణి బీడీల కత్తెర నీ చేతులనే పోయిందట. ఆమె పని ఆగింది. దయ్యం సంగతి తర్వాత, కత్తెర ముందు పంపు.


ఎల్లారెడ్డి,
29 మార్చి.

ఎజాజ్ అన్నగారికి, భూపాల్ తల వంచుకొని రాసేది.

కత్తెర రాజశ్రీతోని పంపిన.

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్త. గురువారం పదకొండున్నరకే పోయి అరుగు మీద కూసున్న. గంగమణి పక్కన చాట పెట్టుకొని ఆకు కత్తిరిస్తున్నది. పన్నెండైంది. ఎండకు మీ గోడ కదిలినట్టు కొడుతున్నది. నాకు ఏమీ కనబడలే. గోడ, బోర్డు, కుక్క. అంతే.

ఆమె కత్తెర ఆగింది. "అగో, మూల మలిగిండు" అన్నది.

నేను చూసిన. ఎవరూ లేరు. కానీ కుక్క తల కదులుతున్నది. కుడి నుంచి ఎడమకు మెల్లగ, మనిషి నడిచినంత సుస్తీగ. మూలకాడ ఆగింది. కొంతసేపైనంక అటు దిక్కు నుంచి మళ్ల మొదలైంది. అన్నా, ఎందరి దయ్యాలనో గద్దించిన నోరు ఇది. ఎండిన ఆకు లెక్కయింది.

"ఎట్లున్నడమ్మా?" అన్న.

"తెల్లంగి. చంకల పెద్ద పుస్తకం. ఎడమ చెప్పుకు పిన్నీసు." అని, నా దిక్కు మలిగి, కింది నుంచి మీదికి చూసింది. నా కాలు కాడ ఆగింది. నేను కూడా నా కాలు చూసుకున్న. ఎడమ చెప్పు. పిన్నీసు.

"నువ్వే గద పాస్టరూ" అన్నది. "ఈడ కూసున్నవు, ఆడ తిరుగుతున్నవు. రెండు తావుల ఉండుడు మీకు నేర్పుతరేమో అనుకున్న."

ఆ కత్తెర ఎప్పుడు గుంజుకున్ననో నాకు తెల్వదు.

ఇప్పుడు ఒప్పుకోలు. మీ అరికాలు తొక్కిన తావు మీకిస్త అని వాక్యమున్నది. యెరికో పట్నం గోడలు కూలాలని దేవుని జనం వాటి చుట్టూ ఏడు దినాలు తిరిగిండ్రు, ఆఖరి దినం ఏడుసార్లు. మా విశ్వాసులల్ల ఇల్లు కావాలన్నోళ్లు ఆ ఇంటి చుట్టూ గట్లనే ప్రార్థన చేసుకుంట తిరుగుతరు. నేను మీ ఇంటి చుట్టూ ఏడు దినాలు తిరిగిన. "ఈ ఇల్లు రాజశ్రీకియ్యి" అని అడుక్కున్న. మార్చి ఇరవైన ఆపిన. మళ్ల పోలే. నేను ఆగిన గాని నా తిరుగుడు ఆగలే అన్నా. ప్రాణం ఎంత అడిగితే గిట్ల అయితదో!

మీ రేటు దిగింది ఎండకు కాదు, రమజానుకు కాదు, నా అడుగులకు. ఇది దొంగ తూనిక. దేవునికి అసహ్యం. మీ ఇల్లు ఇరవై ఎనిమిదికే అమ్ముకోండి. నా దగ్గర అంత లేదు. రాజశ్రీకి చెప్పిన. ఆమె ఆకులు నానబెట్టింది.

ఇట్లు,
భూపాల్.

తా.క.: ఈ చీటీ రాసేటప్పుడు పన్నెండు దాటింది. నా కాళ్లు నొస్తున్నయి. పొద్దటి సంది కుర్చీల నుంచి లేవలే.


కామారెడ్డి,
2 ఏప్రిల్.

తమ్మీ భూపాల్‌కు ఈద్ ముబారక్ చెప్పి ఎజాజ్ రాసేది.

పండుగైపోయింది, ఇగ రోజా లేదు. అయినా నిజమే రాస్తున్న, నెల రోజుల అలవాటు.

నీ చీటీ గుల్నాజ్‌కు చదివి వినిపించిన. ముందు చెయ్యి గుండె మీద పెట్టుకున్నది. తర్వాత షీర్‌ఖుర్మా గిన్నె కిందపెట్టి నవ్వింది, నవ్వింది. "పది దినాల సంది మన ఇంట్ల కిరాయి లేకుంట ఉంటున్నడు, పట్టుకోండి" అన్నది.

నేను నవ్వలే. కూసొని ఆలోచన చేసిన. నువ్వు దొంగ తూనిక అన్నవు. సరే. ఇప్పుడు నేను ఆ ఇల్లు ఎవరికి అమ్మాలె? ఎవడు కొన్నా పన్నెండింటికి నిన్ను చూడాలె. నిన్ను కూడా కలిపి రిజిస్ట్రేషన్ చెయ్యమంటె సబ్ రిజిస్ట్రార్ ఒప్పుకుంటడా? ఇగ నీ సంగతి. నువ్వు వేరే ఇల్లు చూసుకున్నా నీలో సగమే ఆడికి పోతది, సగం నా గోడ కాడ తిరుగుతది. మా రాజశ్రీ చెల్లె సగం మొగనితోని ఏం సంసారం చేస్తది? తమ్మీ, ఇది కొనేటోళ్ల కాలం కాదు, అమ్మేటోళ్ల కాలం కాదు. ఇద్దరం ఇరుకున పడ్డ కాలం.

ఇరవై రెండు. నువ్వు ఒప్పుకున్నవు కాబట్టి ఇరవై రెండు. దాచుంటే ఇరవై ఎనిమిదే ఉండేది. వచ్చే బుధవారం రిజిస్ట్రేషన్‌కు రా. ఇద్దరు సాక్షులు కావాలె. పూర్తిగ ఉన్నోళ్లను తోలుకరా.

నా గురించి ఫికర్ చెయ్యకు. ఇటుక మీద ఇటుకే గద. నాకు ఆ ఇంటి మీద మోజు ఎన్నడో పోయింది.

ఇట్లు,
ఎజాజ్.

తా.క.: యెరికో గోడలు ఏడో దినం కూలినయని గుల్నాజ్‌కు ఎవరో చెప్పిండ్రట. నా కాంపౌండ్ గోడ రిజిస్ట్రేషన్‌కు ముందు కూలితే ఖర్చు నీది. తర్వాత కూలినా నీదే.


ఎల్లారెడ్డి, సొంతిల్లు,
24 ఏప్రిల్.

ఎజాజ్ అన్నగారికి, గుల్నాజ్ వదినకు, భూపాల్, రాజశ్రీ వందనాలు.

ఈస్టరు అయింది, సెల్లు ముట్టిన. మీ నంబరు నొక్కి రెండుసార్లు పెట్టేసిన. ఇది సెల్లుల చెప్పే ముచ్చట కాదు.

పద్నాలుగో తారీఖు ఇంట్ల చేరినం. రాజశ్రీ సామాను కట్టిన మూటలు విప్పి, కట్టిన బట్టలను చించి మసిగుడ్డలు చేసింది. ఇగ కట్టేది లేదని. ఆ దినం పన్నెండింటికి నేను వంటింట్ల స్టౌ బిగిస్తున్న. కాళ్ల నొప్పి చటుక్కున పోయింది. సాయంత్రం గంగమణి వచ్చి అన్నది: "ఇయ్యాల నీ మనిషి ఒక్క చుట్టు కూడా తిరగలే. నీ వెంటనే గల్మ దాటి లోపటికి వచ్చిండు. తలుపు ఏసుకున్నడు." స్తోత్రం చెప్పి పండుకున్నం.

తొమ్మిది దినాలు నిమ్మళం.

నిన్న బుధవారం, పన్నెండు గంటలు. కిటికీ కాడ కూసొని మోటరు చుడుతున్న. కుక్క లేచింది. తల తిప్పుడు షురూ చేసింది. నా కాళ్లు చూసుకున్న, రెండూ ఉన్నయి, నొప్పి లేదు. గోడకు బయట అరచేతితోని టప్ టప్ అని రెండు దెబ్బలు వినబడ్డయి. జరసేపు ఆగి, తర్వాతి మూలకాడ మళ్ల రెండు. ఎవరో బస్సు కదలమన్నట్టు.

గంగమణి ఉరికొచ్చింది. మీద పడి తిట్టింది. "ఏం మనుషులు మీరు! గంత ఎండల ఎజాజ్ సాబ్ కామారెడ్డి నుంచి వచ్చి గోడలు నిమురుకుంట తిరుగుతుంటె లోపటికి రమ్మనరా? చాయ పొయ్యరా?"

గేటు తీసి చూసిన. ఎవరూ లేరు. కుక్క మాత్రం నా ముందరి నుంచి అటు చూసింది.

అన్నా, మోజు పోయిందని రాసిండ్రు. ఇంత తిరిగినోణ్ని నేను, నాకు నిజం రాసేది గదా? ఈ ఇంటికి సిమెంటు తడిపింది మీరు. ఒక్క దినం నడుం వాల్చంది మీరు. కొనకముందు కొనేటోడు తిరిగిండు. అమ్మినంక అమ్మినోడు తిరుగుతున్నడు. కొనేటోడు సంతోషపడొద్దు, అమ్మేటోడు దుఃఖపడొద్దు అన్న వాక్యం వంద ఆదివారాలు చెప్పిన. ఈ గల్లీ కుక్కకు తెలిసినంత కూడా నాకు తెలిసింది లేదు.

రాజశ్రీ ముందటి అర్ర ఊడ్చి మంచం వేసింది. ఎవరికని అడగలే నేను. ఆదివారం కామారెడ్డి బస్సెక్కి రండి. ఒక్క మధ్యాహ్నం పండుకొని పోండి. కానీ వచ్చేటప్పుడు పూర్తిగ రండి.

ఇట్లు,
భూపాల్, రాజశ్రీ.

తా.క.: ఇయ్యాల పన్నెండింటికి గేటు బార్ల తెరిచి పెట్టిన. ఒక్క చుట్టు కూడా అయినట్టు లేదు, కుక్క తల మా గల్మ దిక్కు తిప్పి, పండుకున్నది. ముందటి అర్రల మంచం నులక కిర్రుమన్నది. ఇప్పుడు మూడైంది, గురక వినబడుతున్నది. మేం లేపుత లేం. కానీ ఈ చీటీ అందంగనే గుల్నాజ్ వదినను ఒక్క మాట అడగండి: గురువారం పన్నెండు నుంచి మూడు దాకా మీరు ఇంట్లనే ఉన్నరా అని. జవాబు మీరు రాయకండి. వదినతోనే రాయించండి.